ఒర్రెలో నేను పెట్టని బొట్లు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నాకు నవ్వొస్తుంది. గొప్పకు చెప్పడం లేదు, నా పని అలాంటిది. ఆర్మూర్‌లో కలప వ్యాపారుల దగ్గర ఇరవై రెండేళ్ళుగా చెట్లకు గుర్తులు పెడుతున్నాను. ఫలానా చింత మీద ఏదో ఉందని ఊరంతా చెప్పుకుంటే, నేను దాని కిందే కూర్చుని సద్ది తిన్నాను. ఇన్నేళ్ళలో అడవిలో నన్ను పట్టుకున్నది జలుబు ఒక్కటే.

కాబట్టి ఇది చదివి ‘పాపం, భయపడ్డాడు’ అనుకోకండి. నేను భయపడలేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఎక్కడైనా లెక్క తప్పానంటే చూపించండి, ఒప్పుకుంటాను.

ముందు నా పనేమిటో చెప్పాలి. కోత వాళ్ళ కంటే ఒకరోజు ముందు నేను పోతాను. టేపుతో చుట్టుకొలత చూసి, నరకాల్సిన చెట్టు మీద ఛాతీ ఎత్తులో ఎర్ర రంగుతో అడ్డంగా ఒక గీత గీస్తాను. గీత ఉంటే నరకాలి, లేకపోతే వదిలేయాలి. మళ్ళీ ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు.

మా సాయవ్వక్కను భీమ్‌గల్ వైపు ఒక ఊరికి ఇచ్చారు. బావకు గుట్ట కింద పట్టా భూమి ఉంది. కింద పసుపు, మక్కజొన్న వేస్తారు. పైన ఏటవాలు మీద చెట్లు ఉండేవి. గుట్ట మీది వాన నీళ్ళు పొలం పక్కగా ఒక సన్నని వాగులో కుంటలోకి దిగుతాయి. దాన్ని మేము ఒర్రె అంటాం. ఒర్రె పొడుగునా ఇప్ప, తునికి, నల్లమద్ది చెట్లున్నాయి. గుట్ట మీది దుప్పులు ఆ నీడలోనే దిగి, నీళ్ళు తాగి, ఆ నీడలోనే వెనక్కి పోయేవి.

నాలుగేళ్ళ కింద బావ పై గుట్ట చెట్లు నరికిస్తానన్నాడు. అనుమతి కాగితం కూడా తెచ్చుకున్నాడు. అక్క వద్దంది. అప్పుడు నేను తెలివిగా ఆమెకు పాఠం చెప్పాను.

"నరికినంక మొద్దులు చిగురు పెడ్తయక్కా. లేత ఆకు దొరికితే దుప్పులకు ఇంకా మంచిదే గద!"

అది అబద్ధం కాదు. ఆ వానాకాలం మొద్దులు బాగానే చిగిర్చాయి, దుప్పులు వచ్చి మేశాయి కూడా. నేను ఆలోచించనిది ఎండాకాలం గురించి. మేత మిగిలింది గానీ నీడ పోయింది, చాటు పోయింది. పిల్లను పొదలో దాచి మేతకు పోయే జంతువుకు పొదే లేకుండా చేశాను. కుక్కలు తరిమితే ఎటు పోవాలో తెలియక అవి చేలల్లో పడేవి.

ఆ ఎండల్లోనే నిండు చూలుతో ఉన్న దుప్పి ఒకటి అట్లా ఉరికొచ్చి అక్క వాళ్ళ బావిలో పడింది. నాకు ఫోన్ వచ్చి నేను చేరేసరికి ఊరివాళ్ళు మంచానికి తాళ్ళు కట్టి బావిలోకి దించుతున్నారు. నేనూ ఒక చెయ్యి వేశాను. పైకైతే తీశాం. అక్క దాని తల ఒడిలో పెట్టుకుని కూర్చుంది. అది రెండుసార్లు ఊపిరి తీసి ఆగిపోయింది.

అక్క నా వైపు చూసి, "ఎర్ర గీత గీసినోనివి నువ్వే గద," అంది.

ఆ తర్వాత దాదాపు రెండేళ్ళు ఆమె నాతో మాట్లాడలేదు. పోతే అన్నం పెట్టేది, అడగకముందే కూర వేసేది. రాఖీ పండుగకు రాఖీ కట్టేది. ఒక్క మాట మాత్రం లేదు. అమ్మ పొలానికి పోతే నన్ను చంకనేసుకుని తిప్పిన అక్క. నాకు చాలా బాధగా ఉండేది. తిట్టినా బాగుండు అనుకునేవాణ్ణి.

నిరుడు మాఘంలో బావ మళ్ళీ పిలిచాడు. పసుపు తవ్వడం అయిపోయింది. పచ్చి కొమ్ములు కుప్పలో ఎక్కువ రోజులుంటే పాడైపోతాయి, ఉడకబెట్టి ఆరబోయాలి. ఉడకబెట్టడానికి కట్టెలు కావాలి. ఈసారి ఒర్రె చెట్లు కొట్టిద్దాం అన్నాడు. సరేనన్నాను. అక్క వాకిట్లో కూర్చుని వింటోంది.

మధ్యాహ్నం ఒర్రె దగ్గరికి పోయి రంగు డబ్బా మూత తీస్తే అడుగున గడ్డకట్టి ఉంది. ఆర్మూర్ పోయి తెచ్చే ఓపిక లేదు. మా వైపు పసుపు లేని ఇల్లుండదు కదా. వెనక్కొచ్చి ఒక స్టీలు డబ్బాలో పసుపు, సున్నం వేసి నీళ్ళతో కలిపాను. చక్కటి ఎరుపు తేలింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. అక్క అప్పుడు కూడా చూస్తూనే ఉంది.

కర్రకు గుడ్డ చుట్టి, ఒర్రె ఇసుకలో కింది నుంచి పైకి నడుస్తూ పంతొమ్మిది చెట్లకు గీతలు పెట్టాను. ఎప్పటిలాగే ఛాతీ ఎత్తులో, అడ్డంగా. చెట్ల పేర్లు నోటుబుక్కులో రాసుకున్నాను. పని అయ్యేసరికి ఇంకా పొద్దుంది.

నేను బయలుదేరుతుంటే బావ, అక్కను కూడా తీసుకుపొమ్మన్నాడు. ఆర్మూర్‌లో ఉండే వాళ్ళ బిడ్డకు జ్వరం. మిగిలిన ఎరుపు ఉన్న డబ్బాను మూత బిగించి స్కూటర్ డిక్కీలో పెట్టి తాళం వేశాను. అక్క వెనక కూర్చుంది. దారి పొడుగునా గాలి చప్పుడే తప్ప మా మధ్య మాట లేదు. ఆమెను బిడ్డ ఇంటి దగ్గర దించి నేను మా ఇంటికి పోయాను. ఆ రాత్రి ఆమె అక్కడే ఉందని మేనకోడలే చెప్పింది.

పొద్దున ఏడు గంటలకు కోత మేస్త్రీ మల్లయ్య ఫోన్ చేశాడు. మనిషి పెద్దవాడు, నాతో పాటు పదేళ్ళుగా పని చేస్తున్నాడు.

"గిదేం పని? పసుపు బొట్టు పెట్టిన చెట్లను నరకమంటవా? నా పిల్లలు సల్లగుండాలె, నాతోని గాదు."

నాకు నవ్వొచ్చింది. తప్పు నాదే మరి. పసుపు, ఎరుపు కనిపిస్తే మా వాళ్ళకు అది పూజ చేసిన చెట్టు. నేను నరకమని రాసింది వాళ్ళు ముట్టుకోవద్దని చదువుకున్నారు. "గది బొట్టు గాదు, నా గీతనే. రంగు లేక పసుపుతోని గీసిన," అన్నాను. "గీతనా? నువ్వొచ్చి సూడు," అని పెట్టేశాడు.

అక్కకు సంగతి చెబుదామని మేనకోడలి ఇంటికి పోయాను. జ్వరం తగ్గిందట. నేను చెప్పింది విని అక్క చెప్పులేసుకుని వచ్చి స్కూటర్ ఎక్కింది.

మేము చేరేసరికి ఎనిమిదిన్నర. మంచి వెలుతురుంది. మల్లయ్య, అతని మనుషులు గట్టు మీదే నిలబడి ఉన్నారు, ఒర్రెలోకి దిగలేదు. నేను దిగాను.

నా గీతలు లేవు. పంతొమ్మిదింటిలో ఒక్కటీ లేదు. గీత గీసిన చోట బెరడు తడిగా, శుభ్రంగా ఉంది. అదే చెట్టుకు కింద, నా మోకాలి ఎత్తులో, అరచేతి మేర పసుపు పూసి ఉంది. నడుమ గుండ్రంగా ఎర్రటి బొట్టు. ఆడవాళ్ళు గడపకు పెట్టినట్టే ఉంది. పంతొమ్మిది చెట్లకూ అదే ఎత్తు.

నేను తేలిగ్గా తలూపే మనిషిని కాను. కిందకి వంగి ఇసుక చూశాను. నిన్నటి నా చెప్పుల అచ్చులున్నాయి. వాటి మీద దుప్పి గిట్టల అచ్చులు, ప్రతి చెట్టు దాకా పోయి తిరిగి వచ్చినవి. ఇంకో మనిషి అడుగు ఒక్కటీ లేదు. ఒక బొట్టులో గోధుమరంగు పొట్టి వెంట్రుక అంటుకుని ఉంది. డిక్కీ తీసి చూస్తే డబ్బా మూత నేను బిగించినట్టే ఉంది.

ఉప్పు మట్టిని నాకినట్టే దుప్పులు ఈ సున్నాన్నీ నాకి ఉంటాయి, మూతికి అంటింది కింద రాసి ఉంటాయి అనుకున్నాను. ఇప్పటికీ అందరికీ ఇదే చెబుతాను. సగం అతుకుతుంది. అతకనిది ఆ పసుపు రంగు. సున్నం కలిసి ఎర్రబడ్డ పసుపు దానంతట అది మళ్ళీ పచ్చబడదు. మా ఊరి సైన్స్ టీచరును అడిగితే పులుపు తగిలితే పచ్చబడుతుందన్నాడు. ఒర్రెలో దుప్పులకు నిమ్మకాయలు ఎవరు పంచారో ఆయనా చెప్పలేకపోయాడు.

నేను ఇసుకలో కూర్చుని ఇవన్నీ చూస్తుంటే అక్క దిగి వచ్చింది. మొదటి చెట్టు దగ్గర ఆగింది. రెండోది చూసింది. చివరి దాకా పోయి వచ్చి నా ఎదురుగా నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు.

"తమ్మీ, గిది నువ్వే పెట్టినవా?"

రెండేళ్ళ తర్వాత మొదటి మాట. నేను కాదని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. కానీ ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. "నిన్న ఎర్రది కలుపుతుంటె మల్ల నరుకుతవనుకున్న. మంచి పని చేసినవ్ బిడ్డా," అంది. నేను నోరు మూసుకున్నాను.

ఆ చెట్ల మీద గొడ్డలి పడలేదు. మల్లయ్య ఒప్పుకోలేదు, వేరే వాళ్ళను తెచ్చే ధైర్యం బావకూ లేకపోయింది. అంకాపూర్ నుంచి ట్రాక్టర్లతో గింజ ఒలిచిన మక్క బెండ్లు తెప్పించి పసుపు ఉడకబెట్టారు. ఆ ఎండాకాలం ఇప్పపూలు రాలితే దుప్పులు ఒర్రెలోనే తిని, నీళ్ళు తాగి, చాటుగానే వెనక్కి పోయాయి. బావిలో ఒక్కటీ పడలేదు.

ఇప్పుడు ఎవరి భూమికి పోయినా ముందు ఎక్కడ గిట్టల అచ్చులున్నాయో చూస్తాను. నీళ్ళకు దిగే దారి పొడుగునా ఉన్న చెట్లకు గీత పెట్టను. ఎందుకని అడిగితే గట్టిగా వాదించి ఒప్పిస్తాను. ఆ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. అనుమానమంతా ఆ ఒక్క పొద్దుటి గురించే.

మొన్న అక్క ఫోన్ చేసింది. "బొట్లు ఎలిసిపోయినయ్ తమ్మీ. నిరుడు ఎట్ల పెట్టినవో గట్లనే పెట్టిపో," అంది. పసుపు, కుంకుమ తీసుకుని పోయాను. అక్క గట్టు మీద కూర్చుని చూస్తోంది. నిలబడి పెడదామంటే చెయ్యి అందలేదు, వంగితే నడుము పట్టేసింది. అంత కింద పెట్టాలంటే మోకాళ్ళ మీద కూర్చోక తప్పలేదు. పంతొమ్మిది చెట్ల ముందు పంతొమ్మిది సార్లు కూర్చున్నాను.

అక్కకు చదువు రాదు. ఇది ఎవరైనా ఆమెకు చదివి వినిపిస్తే వినిపించనివ్వండి. నిరుటి బొట్లు ఎవరు పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదక్కా. ఈ ఏడాదివి మాత్రం నేనే పెట్టాను.