పొందూరు ఫోన్లలో తెల్ల తెర

ఫోనుకు కేబులు తగిలించగానే కంప్యూటరు చేసే చిన్న 'టింగ్' శబ్దం వింటే ఇప్పటికీ నా వెన్ను నిటారుగా అవుతుంది. నిన్న ఆఫీసులో ఎవరో తగిలించారు. చేస్తున్న పని ఆపి, అక్కడ లేని మనిషి కోసం తలెత్తి చూశాను. ఆ మనిషి పైడిరాజు గారు, నా మొదటి యజమాని.

ఆయన ఒకప్పుడు రేడియోలూ టీవీలూ బాగుచేసేవారు. పుస్తకాలు ముందేసుకుని ప్రోగ్రాములు రాయడం తనంతట తానే నేర్చుకుని, విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర ఒక మందుల షాపు మేడమీద చిన్న ఆఫీసు పెట్టారు. మా ఇంటి పాత రేడియో కూడా ఆయన చేతిలో బాగుపడిందే. అప్పట్లో ఆయన మా వీధి అరుగు దాటి లోపలికి వచ్చేవారు కాదు, మావాళ్ళు రమ్మనేవారూ కాదు. నేను ఆయన దగ్గర చేరేనాటికి మాకు ఇంటిపేరొక్కటే మిగిలింది. ఆయన నన్ను "బాబూ" అని, "మీరు" అని పిలిచేవారు. అది పాత అలవాటో, ఎత్తిపొడుపో నాకు ఎప్పటికీ తెలియలేదు. నేను మాత్రం ఆ ఆఫీసుకు చుట్టపుచూపుగా వచ్చినవాడిలా కూర్చునేవాణ్ణి.

నాకు మొదట అప్పగించిన పని పొందూరులో ఒక నూలు సంఘానికి యాప్ తయారుచేయడం. వడికే ఆడవాళ్ళు నూలు సిద్ధం కాగానే ఫోనులో నొక్కితే సంఘం మనిషి వచ్చి తీసుకెళ్తాడు. అది పైకి యాప్‌లాగే ఉంటుంది గానీ లోపల ఉన్నది వెబ్ పేజీయే. దాన్ని చూపించే బ్రౌజరు ఒకటి యాప్ కడుపులో ఉంటుంది, వెబ్ వ్యూ అంటారు. పాత పద్ధతిలో రాయమని పైడిరాజు గారు ముందే చెప్పారు. ప్రోగ్రాములు రాయడానికి అప్పుడే వచ్చిన కొత్త రాత పొట్టిగా, అందంగా ఉంది. నేను దానితోనే రాశాను. నా ఫోనులో చక్కగా తెరుచుకుంది. పొందూరులో చాలామంది ఫోన్లలో తెల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. ఆడవాళ్ళకు వాడటం రావడం లేదని నేను సంఘానికి జవాబిచ్చాను. శనివారం సమావేశంలోగా బాగుపడకపోతే మీ యాప్ మాకొద్దని వాళ్ళు కబురు పెట్టారు. అది పోతే, ఇంట్లో అందరితో మాటలు పడి తెచ్చుకున్న నా ఉద్యోగమూ పోతుంది.

శనివారం ఉదయమే ఇద్దరం పొందూరు వెళ్ళాం. సూరమ్మ అనే పెద్దావిడ రాట్నం ముందు కూర్చుని ఉంది. పక్కన, పత్తి ఏకడానికి దువ్వెనలా వాడే వాలుగ చేప దవడ ఉంది. ఫోను విజయనగరం తీసుకెళ్ళి తెస్తామన్నాను.

"నాను ఫోనిచ్చేస్తే, మా అమ్మి ఫోన్ సేస్తే ఎవులెత్తుతారు? ఇక్కడే సూడండి," అంది.

గుమ్మంలో నిలబడే ఆ ఫోనులోని మామూలు బ్రౌజరులో మా పేజీ తెరిచాను. వెంటనే తెరుచుకుంది. యాప్ నొక్కాను. తెలుపు. మళ్ళీ బ్రౌజరు, మళ్ళీ యాప్. అదే ఫోను, అదే పేజీ. నాకు మతి పోయింది. నెట్ సరిగా లేదన్నాను, ఫోను పాతదన్నాను, చివరికి ఆవిడే ఏదో నొక్కేసి ఉంటుందన్నాను.

పైడిరాజు గారు నేలమీద చతికిలబడి, ఫోను సెట్టింగుల్లో ఒకచోట ఏడుసార్లు తట్టారు. అలా తడితేనే లోపల ఏం జరుగుతోందో చూడటానికి వీలు దొరుకుతుంది.

"ఏటి నాయినా, ఫోనుకి దిట్టి తీస్తన్నావా?" అంది సూరమ్మ.

ఆయన నవ్వి, ల్యాప్‌టాప్ నేలమీదే పెట్టి కేబులు తగిలించారు. "కూకోండి బాబూ. కేబులు మూరెడే ఉన్నాది."

మావాళ్ళు పరాయి ఇంట నేలమీద కూర్చోరు. మా తాతగారు ఊళ్ళకు వెళ్తే ఆయన కంటే ముందు కుర్చీ వెళ్ళేది. కాసేపు వంగి చూశాను, అక్షరాలు ఆనలేదు. చివరికి కూర్చున్నాను. మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెరమీద ఒకే ఒక ఎర్రటి వాక్యం ఉంది. అందులో నా ఫైలు పేరు, తప్పు ఏ వరుసలో ఉందో ఆ నంబరు. పైడిరాజు గారు గొంతు తగ్గించి విడమరిచారు. బయటి బ్రౌజరు ఎప్పటికప్పుడు కొత్తదవుతుంది. ఇలాంటి పాత ఫోన్లలో యాప్ లోపలిది మాత్రం ఫోను కొన్ననాటిదే. దానికి నా కొత్త రాత అర్థం కాక మొదట్లోనే ఆగిపోయింది. అన్నీ వెతికి పాత పద్ధతిలోకి మార్చేసరికి మధ్యాహ్నం దాటింది. తెరమీద తన పేరు వచ్చాక సూరమ్మ ఫోనును చెయ్యంత దూరాన పెట్టుకుని కూడబలుక్కుని చదివింది.

సాయంత్రం సమావేశంలో అందరి ఫోన్లలోనూ యాప్ తెరుచుకుంది. ఇన్నాళ్ళూ తప్పెవరిదని సంఘం పెద్ద అడిగాడు. ఆడవాళ్ళంతా మావైపే చూస్తున్నారు.

"నాదే," అన్నారు పైడిరాజు గారు.

నేను పక్కనే ఉన్నాను. కేబులు చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

తిరుగు బస్సులో అది నాకు అవమానంగానే తోచింది. నా తప్పును మరొకరు మోయడమేమిటి? ఎందుకలా చెప్పారని కాస్త గట్టిగానే అడిగాను.

"మీరు సెప్తారేటో అని సూసినాను బాబూ," అన్నారు. కిటికీ వైపు తిరిగి, "సెప్పలేదు," అన్నారు.

గొంతులో కోపం లేదు. కిటికీ అద్దం జరుపుకుని కళ్ళు మూసుకున్నారు. సోమవారం నా ఉద్యోగం ఖాయం చేశారు. అది నమ్మకమో, జాలో, మా ఇంటిమీద మిగిలిన మర్యాదో ఆయన చెప్పలేదు. అడగడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది. అడుగుదామనుకునేసరికి ఆయన పోయారు.

ఇప్పుడు ఎక్కడ పొరపాటు జరిగినా, అది నాదైతే ఎవరూ అడగకముందే నాదని చెప్పేస్తాను. తోటివాళ్ళు దాన్ని నిజాయితీ అంటారు. నాకు మాత్రం ప్రతిసారీ ఆ పొందూరు ఆడవాళ్ళ ఎదుటే నిలబడి, ఆలస్యంగా జవాబు చెబుతున్నట్టు ఉంటుంది.