ఆగని ప్రోగ్రాం

దామోదర్‌కి ప్రోగ్రాం ఆగిపోతే పరువు తక్కువ. తప్పు చెబితే మాత్రం ఏ బాధా లేదు. అమెరికాలోని శాంటా క్లారాలో, మనిషి రాసిన ప్రోగ్రాంని చిప్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ అమ్ముకునే ఓ చిన్న కంపెనీకి మేనేజర్ ఆయన. టైలు ముప్పై ఉండేవి, ఆలోచన ఒక్కటే. చనిపోయిన మా రత్నరాజుని తలుచుకున్నప్పుడల్లా నాకు ఈయనా గుర్తొస్తాడు, అదే చిరాకు.

రత్నరాజు తెనాలి మనిషి, ఆ కంపెనీలోనే టెస్టింగ్ చేసేవాడు. అతని సంతకం లేనిదే సరుకు బయటికి పోదు. అతని గ్రీన్‌కార్డ్ కాగితాలు మాత్రం దామోదర్ చేతిలో ఉన్నాయి.

1986లో, ఆసుపత్రిలో రోగికి మందు ఎక్కించే పంపులు చేసే ఒక కంపెనీ దామోదర్ వాళ్ల కంపైలర్ కొనబోయింది. పంపులో సెన్సర్ తీగ ఊడితే కొలత బదులు చెల్లని విలువ వస్తుంది. ఇది చెల్లుతుందా అని ప్రోగ్రాం అడిగితే చాలు, ఆ ప్రశ్నకే చిప్ బెదిరి మొత్తం ఆపేస్తోంది. రోగం చూడబోయిన డాక్టరే మూర్ఛపోయినట్టు!

"కంపైలర్ ఆ పరీక్ష చేసే పద్ధతి మార్చాలి సార్. రెండు వారాలు," అన్నాడు రత్నరాజు.

"చిప్‌ని అలా ఆపేసే ఎక్సెప్షన్లు ఆఫ్ చెయ్ రాజూ. రెండు నిమిషాలు."

"ఆగదు సార్, నిజమే. కానీ చెల్లని విలువని దేనితో పోల్చినా 'కాదు' అనే వస్తుంది. డోసు హద్దు దాటిందా అంటే కాదంటుంది. పంపు పోస్తూనే ఉంటుంది."

"కాదంటే మంచిదేగా!" దామోదర్ నవ్వాడు. "సంతకం పెట్టు. నీ కాగితాలూ కదులుతాయి."

ఇంట్లో రత్నరాజు భార్య దెబోరా అన్నం వడ్డిస్తూ అంది: "సంతకమే కదండీ, గీకి పారేస్తే పోలా?"

"పంపుకి అవతలి కొసన మనిషుంటాడే."

ఆమె అతని పళ్ళెంలో పప్పు వేసింది.

డెమో రోజున ఎక్సెప్షన్లు దామోదరే ఆఫ్ చేశాడు. కొనడానికొచ్చిన ఇంజనీర్లు చూస్తుండగా రత్నరాజు లేచి సెన్సర్ తీగ పీకాడు. పంపు ఆగలేదు. మందు బదులు పోస్తున్న నీళ్లు గ్లాసు నిండి టేబుల్ మీదకి పొర్లాయి.

"ఆగలేదేం?" అన్నాడు ఒక ఇంజనీరు.

"మా ప్రోగ్రాంలు ఆగవు!" అన్నాడు దామోదర్, గర్వంగా. పాపం, వాళ్లు బ్యాగులు సర్దుకుంటున్నారని కూడా గమనించలేదు.

శుక్రవారం రత్నరాజు ఉద్యోగం పోయింది. సామాన్ల డబ్బాతో బయటికొస్తే దెబోరా కారులో ఉంది.

"మరి కాగితాలో?"

"వేరే కంపెనీలో మళ్ళీ మొదటినుంచీ."

ఆమె అతని చేతిలో డబ్బా అందుకుంది. "సరే, ఎక్కండి. డ్రైవ్ నేను చేస్తాను," అంది.