నీలిదారం కట్టిన గొట్టం

2017 నవంబరు, మూడో శుక్రవారం. హాయిల్. సాయంత్రం నాలుగున్నర. హాజరు: అబూ సలీం, ఆయన భార్య ఉమ్ సలీం, ఫిట్టర్ రాజమల్లు, నేను. చలి.

నా డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. ఈ ఉదయం హైదరాబాదులో, మా వంటింట్లో మత్తె ఆకు మీద వేడినీళ్ళు పోయగానే తడిసిన ఎండుగడ్డి వాసన, దాని వెనకే సన్నటి పొగవాసన లేచాయి. ఆవిరికి కళ్ళజోడు మసకబారింది. అద్దాలు తుడుచుకోకుండా కాసేపు అలాగే కూర్చున్నాను. ఆ మసకలో కిటికీ అవతల హాయిల్ పక్కనుండే అజా కొండలు నీలంగా కరిగిపోతున్నట్టే ఉంది.

అబూ సలీం సౌదీలో నాకు పై అధికారి. హాయిల్ దగ్గర ఒక వ్యవసాయ కంపెనీలో పంపుల వర్క్‌షాపు ఆయన చేతిలో ఉండేది. ఆయనది సిరియాలో ఒక కొండ ఊరు. మనకు టీ ఎలాగో అక్కడ మత్తె అలాగ. చిన్న గాజు గ్లాసులో ఆకు వేసి, చల్లటి నీళ్ళతో తడిపి, కాసేపాగి వేడినీళ్ళు పోస్తారు. అడుగున జల్లెడ ఉన్న సన్నటి లోహపు గొట్టంతో పీలుస్తారు. గ్లాసు ఒకటే, గొట్టం ఒకటే. ఒకరు తాగాక నిమ్మతొక్కతో గొట్టం కొస తుడిచి, మళ్ళీ నీళ్ళు పోసి, పక్కవాళ్ళకిస్తారు.

మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నాకది తెలియదు. చిన్నప్పటి నుంచి ఎంగిలి పట్టింపుతో పెరిగినవాణ్ణి. గ్లాసు చేతికి రాగానే గొట్టం తీసి పక్కన పెట్టి, మంచినీళ్ళు తాగినట్టు తల పైకెత్తి నోట్లోకి ఎత్తిపోసుకున్నాను. వేడినీళ్ళతోపాటు గుప్పెడు ఆకు గొంతులో పడింది. ఉమ్ సలీం చన్నీళ్ళతో పరుగెత్తుకొచ్చింది. అబూ సలీం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. కానీ ఎందుకలా చేశావని అడగలేదు. మరుసటి శుక్రవారం పళ్ళెంలో రెండో గ్లాసు కనిపించింది. దాని గొట్టానికి నీలిదారం కట్టి ఉంది.

"ఇది నీది. మీ ఇంటి పద్ధతి మీకుంటుంది కదా, యా రావ్," అన్నాడు. ఆయన మాట్లాడేది సగం అరబ్బీ, సగం హిందీ. నాకిప్పుడు అన్నీ తెలుగులోనే వినిపిస్తాయి.

ఆరేళ్ళు ఆ గ్లాసులోనే తాగాను. ఆయన కెటిల్ పక్కన చెవి పెట్టి కూర్చునేవాడు. "నీళ్ళు పాడుతుండగానే దించాలి. అరిచేదాకా ఉంచితే ఆకు మాడుతుంది." గొట్టాన్ని కదిపితే కోప్పడేవాడు. పంపుల దగ్గరా అదే తీరు. పావుగంట వినకుండా ఒక్క బోల్టు కూడా విప్పనిచ్చేవాడు కాదు. డిప్లొమాలో నేర్చుకున్న తొందరంతా అక్కడ మర్చిపోయాను.

ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలనే నితాఖాత్ లెక్కల్లో మా కంపెనీ ఎర్ర రంగులోకి, అంటే అట్టడుగు వరుసలోకి పడింది. సౌదీలు తగినంతమంది లేరు కాబట్టి మా ఇఖామాలు, అంటే అక్కడ ఉండే అనుమతులు, రెన్యువల్ కావు. కొత్త సంవత్సరం నుంచి విదేశీ పనివాళ్ళ మీద లెవీ కూడా పెరుగుతుందన్నారు. వర్క్‌షాపులో అబూ సలీం, నేను, మా ఇద్దరిలో ఒకరినే వేరే స్పాన్సరుకు మారుస్తారు, రెండోవారికి ఖురూజ్, అంటే ఇంటిదారి. వెళ్ళేవారి పేరు శనివారం పొద్దున అబూ సలీం రాసివ్వాలి. ఆయన ఊళ్ళో యుద్ధం, ఇల్లు లేదు. నాకేమో, ఉద్యోగం పోయినా తలుపు తీసేవాళ్ళున్నారు. కానీ ఇంకో రెండేళ్ళు ఉండాలని నేనూ ఆశపడ్డాను. ఆ మాట డైరీలో రాసే ఉంది.

ఆ శుక్రవారం ఎవరం ఆ ఊసెత్తలేదు. గది వెచ్చబెట్టే సోబా పొయ్యి మీద కెటిల్ సన్నగా పాడుతోంది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన రాజమల్లు గ్లాసులోకి తొంగి చూశాడు.

"ఏంది సారూ, గిదేం తాగుడు? మా ఊళ్ళె గీ గడ్డి బర్రెకేస్తె మూతి తిప్పుకుంటది."

"నీకేం తెలుసురా, తాగి చూడు."

"వద్దు సారూ, నాకు చాయ్ మంచిగ." కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "రేపే గదా పేరిచ్చేది? ఎవల్ది రాస్తడు?" అన్నాడు.

అబూ సలీంకు తెలుగు రాదు. అయినా గొంతు తగ్గడం పసిగట్టాడు. కెటిల్ దించి, తన గ్లాసులో నీళ్ళు పోసుకుని, కిటికీ వైపు చూస్తూ చాలాసేపు పీల్చాడు. తర్వాత నా గ్లాసు నింపబోయాడు. ఎందుకో నాకే తెలియదు, నా గ్లాసు మీద చెయ్యి అడ్డుపెట్టి ఆయన గ్లాసు అందుకున్నాను. ఆయన నిమ్మతొక్క కోసం వెతికాడు.

"అక్కర్లేదు. అలాగే పొయ్యండి," అన్నాను.

గొట్టం కొస ఇంకా వెచ్చగా ఉంది. చేదు, తర్వాత చాలాసేపటికి ఒక తీపి. ఉమ్ సలీం తల తిప్పుకుని ఖాళీ పళ్ళెం తుడవసాగింది. ఇంటికెళ్ళి ఖురూజ్ అర్జీ రాసుకున్నాను.

మర్నాడు అబూ సలీం ఆరున్నరకు వస్తాడని తెలిసి, ఆరుంపావుకే మేనేజరు గదికి వెళ్ళి అర్జీ ఇచ్చాను. బయటికి వచ్చేసరికి మెట్ల దగ్గర ఆయన ఉన్నాడు, పది నిమిషాలు ముందే. చేతిలో మడిచిన కాగితం.

"ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను."

ఆయన కాగితం విప్పి చూపించాడు. అందులో ఉన్నది ఆయన పేరే.

"ఎక్కడికి పోదామని?" కోపంగానే అడిగాను. ఆయన మీద గొంతు పెంచడం అదే మొదలు, అదే చివర.

"అదింకా ఆలోచించలేదు," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని వర్క్‌షాపు వైపు నడిపించాడు. మూడో పంపు చప్పుడు మారిందట. నేను స్పానర్ తీయబోతే వద్దన్నట్టు చూశాడు. ఇద్దరం తలుపు దగ్గర పావుగంట నిలబడి విన్నాం. పంపు పాడుతోంది. ఇంకా అరవలేదు.