పిన్ని పాటల సీడీ

మొన్న ఆదివారం పొద్దున్నే మైలవరం నుంచి మా పిన్ని కూతురు వచ్చి, కాఫీ కూడా ముట్టకుండా, చేతిసంచిలోంచి పాత చీర ముక్కలో చుట్టిన సీడీ తీసి నా ముందు పెట్టింది. పిన్ని పోయి మూడు నెలలైంది. పెట్టె సర్దుతుంటే బట్టల అడుగున దొరికిందట. దానిమీద 'పిన్ని పాటలు' అని నా చేతిరాతే. సంవత్సరీకానికి ఆ పాటలన్నీ పుస్తకంగా వేయించి వచ్చినవాళ్ళ చేతుల్లో పెట్టాలని దాని కోరిక. తను పనిచేసే స్కూల్లో తెరిచి చూస్తే అన్నీ పిచ్చిగీతలే వచ్చాయట. అన్నయ్య చేసిచ్చిందే కదా, అన్నయ్యే తెరుస్తాడని నమ్మకంగా తెచ్చింది.

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మెట్ల పక్క గదిలో నాకు డీటీపీ సెంటరు ఉండేది. నా ఈడువాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఒక్కో షాపుది ఒక్కో ఫాంటు, ఎవరి తెలుగు వాళ్ళదే! ఒక షాపులో కొట్టించిన శుభలేఖ ఇంకో షాపు కంప్యూటర్లో తెరిస్తే వరుడి పేరు వధువుకే కాదు, వరుడికి కూడా అర్థమయ్యేది కాదు. జనం తిట్టుకునేవాళ్ళు. నేను మాత్రం తిట్టుకోలేదు, ఎందుకంటే నా దగ్గర టైపు చేయించుకున్నవాడు ఒక్క కామా మార్చాలన్నా మళ్ళీ నా మెట్లే ఎక్కాలి. అదీ చాలక, ఫాంట్లు తయారుచేసే ఒకాయన్ని పట్టుకుని, నా ఫాంటులో అక్షరాల చోట్లన్నీ తారుమారు చేయించాను, నా ఫైలు ఇంకెక్కడా పనికి రాకుండా. అది గొప్ప తెలివనుకుని టీ కొట్టు దగ్గర పదిమందికీ చెప్పుకుని నవ్వాను కూడా.

పిన్ని ముప్పై ఏళ్ళపాటు చుట్టుపక్కల ఊళ్ళ ముసలమ్మల దగ్గర కూర్చుని పెళ్ళిపాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు, పసుపు దంచేటప్పుడు పాడుకునేవి, ఉయ్యాల్లో పిల్లని వేసేటప్పుడు పాడేవి, అన్నీ గుండ్రటి అక్షరాలతో పొడుగాటి నోటుపుస్తకాల్లో రాసి పెట్టింది. వాటిని టైపు చేయించడానికి రెండు వానాకాలాలు పట్టింది. వారానికోసారి బస్సెక్కి వచ్చి, మా షాపులో టైపు చేసే ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చునేది. మాట అర్థం కాకపోతే చదివి చెప్పేది కాదు, పాడేది. జిరాక్సులకని వచ్చినవాళ్ళు కాగితాలు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయేవాళ్ళు.

అంతా అయ్యాక, కూతురు పనిచేసే స్కూలు కంప్యూటర్లోనూ, అడిగినవాళ్ళందరి దగ్గరా కనిపించేలా ఒక సీడీ చేసిమ్మంది. టైపు చేసే ఆవిడ నా దగ్గరికొచ్చి నెమ్మదిగా, "పీడీఎఫ్ చేసిద్దామండీ, ఫాంటు దాన్లోనే ఉండిపోతుంది, ఎక్కడ తెరిచినా అక్షరం చెదరదు. సొంత పిన్నిగారే కదండీ" అంది. నాకు తెలియక కాదు. "షాపు పద్ధతి షాపు పద్ధతేనమ్మా, నువ్వు నీ పని చూసుకో" అని కసిరి, మా ఫాంటు ఉన్న కంప్యూటర్లో తప్ప చదవడానికి రాని మామూలు ఫైలే సీడీలో ఎక్కించి ఇచ్చాను. పిన్ని దగ్గర నాకొచ్చేదేముంది చెప్పండి? ఏమీ లేదు. ఎవరినీ వదలకూడదన్న పాడు అలవాటు, అంతే.

నోటుపుస్తకాలకు చెదలు పడుతున్నాయి, ఏం చేయమంటావని పిన్ని అడిగింది. ఇంకెందుకు పిన్నీ ఆ చెత్త, అన్నీ కంప్యూటర్లో పదిలంగా ఉన్నాయిగా అన్నాను. ఈ నోటితోనే అన్నాను. దేవుళ్ళ పేర్లున్న కాగితాలు మా ఇళ్ళల్లో పాతకాగితాలవాడికి వేయరు, పొయ్యిలో పెట్టరు, కృష్ణలో కలుపుతారు. నా స్కూటరు మీదే పిన్నినీ, ఆ సంచినీ ఇబ్రహీంపట్నం రేవుకు తీసుకెళ్ళాను. ఒక్కో పుస్తకానికీ పసుపూ కుంకుమా పెట్టి అందిస్తుంటే, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నేనే వదిలాను. పేజీలు విచ్చుకుని, సిరా కరిగి, కొట్టుకుపోయాయి. "నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టేగా నాన్నా" అంది పిన్ని, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

ఆ సీడీ స్కూల్లో అప్పుడు కూడా తెరుచుకోలేదు. పిన్ని ఏమీ అనుకోలేదు. ఎవరింట్లో పెళ్ళయినా వచ్చి కావలసిన పాట ప్రింటు తీయించుకునేది, ఆ కాగితాలు ఆ పెళ్ళి సందట్లోనే ఎటో పోయేవి. తరువాత ఎక్కడ తెరిచినా ఒకేలా కనిపించే తెలుగు వచ్చింది, ఫోన్లు వచ్చాయి, నా మెట్లు ఎక్కేవాళ్ళు తగ్గారు. షాపు మూసేసిన రోజు విసుగుతో కంప్యూటర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు పాత సామాన్ల వాడికి తోలేశాను. పిన్ని పాటలు గుర్తుకే రాలేదు నాకు. చివరి రోజుల్లో ఆవిడకు చరణాలు తప్పిపోతుంటే, ఫరవాలేదే, అన్నీ అబ్బాయి దగ్గరున్నాయి అని కూతురికి చెప్పేదట.

ఈ వారమంతా ఆ సీడీ పట్టుకుని తిరిగాను. ఫాంటు చేసినాయన ఎప్పుడో పోయాడు. పాత ఫైళ్ళను బాగుచేసే కుర్రాళ్ళు పేరున్న ఫాంట్లయితే మార్చగలరట, ఇదెవరిదండీ, ఇలా కలగాపులగం చేశారు అని నన్నే అడిగారు. టైపు చేసే ఆవిడ ఇప్పుడు గుడివాడలో ఉంటోంది, ఫోన్ చేశాను. దెప్పిపొడుస్తుందేమో అనుకున్నాను. "అయ్యో, పిన్నిగారి పాటలాండీ" అని, ఆ తరువాత ఏడ్చింది.

నిన్న మైలవరం వెళ్ళి, ఇక తెరుచుకోదని చెప్పి సీడీ తిరిగి ఇచ్చేశాను. వాళ్ళ వరండాలో ఎవరో పిల్ల ఫోన్లో తెలుగులో ఏదో కొట్టి నవ్వుతూ ఇంకో ఊళ్ళో ఉన్న స్నేహితురాలికి పంపుతోంది, అక్షరం పొల్లుపోకుండా చేరుతుందా అన్న అనుమానమైనా లేకుండా. మా రోజుల్లో అలా చేరకపోవడమే నాకు అన్నం పెట్టింది. చెల్లెలు సీడీని మళ్ళీ ఆ చీర ముక్కలోనే చుడుతూ, "అప్పట్లో ఇంకో దారి లేదా అన్నయ్యా?" అని అడిగింది.

"లేదమ్మా, అప్పటి కంప్యూటర్లు అంతే" అన్నాను.

"పోనీలే, నువ్వు మాత్రం ఏం చేస్తావు, బాధపడకు" అని నా చెయ్యి పట్టుకుంది.