నీళ్లకు తోడు

ఉగాది దగ్గర పడగానే మా మేడ మీది సిమెంటు తొట్టిని శుభ్రం చేస్తాను. తామర మొక్క కింద ఏడాదంతా కుళ్లిన ఆకులను చేత్తో పైకి తీసినప్పుడు పాచి, బురద, ఎప్పటిదో వాన, కాస్త ఇనుము కలిసిన వాసన ఒకటి వస్తుంది. శంషాబాద్‌లో మేముండే ఈ చివర విమానాలు ఎంత కిందుగా దిగుతాయంటే మాట్లాడుతున్నవాళ్లు మధ్యలో ఆపి, అది పోయాక మిగతా సగం చెబుతారు. ఆ వాసన మాత్రం ఏ చప్పుడుకూ ఆగదు. నన్ను తొండుపల్లి పక్కన ఉండిన మా పాత ఇంటి పెరట్లోకి తీసుకుపోయి నిలబెడుతుంది.

ఆ పెరట్లో మా ముత్తాత తవ్వించిన చిన్న రాతి గుండం ఉండేది. పెద్దవాళ్లు దిగితే నడుము లోతు, మేము దిగితే గొంతు లోతు. నిండా తామరాకులు, ఆకుల కింద వెండి రేకుల్లా మెరిసే పరక చేపలు, గట్టు సందుల్లో కప్పలు. మా ఇంట్లో మాంసం, చేప తినేవాళ్లు కాదు కాబట్టి పరకలకు మేమంటే భయం లేదు; కాళ్లు నీళ్లలో పెడితే వచ్చి మడమలు గిల్లేవి. మా బాపమ్మ, అంటే మా బాపు వాళ్ల అమ్మ, పొద్దున్నే తులసికి నీళ్లు పోసి, అదే చేత్తో వాటికి గుప్పెడు నూకలు చల్లి, "తినుండ్రి గోవిందా" అనేది. గోవిందుడు తులసి కోటలో ఉన్నాడో, గుండంలో ఉన్నాడో నాకు చాలాకాలం స్పష్టంగా తెలియలేదు. ఇప్పుడు ఆ రెండింటికీ తేడా లేదని తెలుసు.

ఫాల్గుణంలో కానుగ ఆకు రాలడం మొదలైతే పెరటి పని మొదలయ్యేది. ఒకవైపు చెట్టు ఆకు రాలుస్తూనే ఇంకోవైపు లేత చిగురు వేస్తుంటే, వేప పూత సన్నగా వాకిట్లో రాలుతుంటే, అమ్మ, చిన్నమ్మ కొంగులు బిగించి పొరకలు పట్టి గోడల వెంట ఊడ్చేవాళ్లు. మేము పిల్లలం ఆ ఆకుల కుప్పలలో దూకి తిట్లు తినేవాళ్లం. తర్వాత గుండం. చేపలను పెద్ద రాగి గంగాళంలోకి మార్చి, నీళ్లు తోడిపోసి, అడుగు బురదను తట్టలకెత్తి మల్లెపాదుకూ బీరపాదుకూ వేసేవాళ్లు. ఆ ఏడు బీరకాయ కూర తింటూ "ఇది గుండం పెట్టిన కూర" అనుకునేవాళ్లం. అన్నీ అయ్యాక, పక్కకు తీసి ఉంచిన ఒక కుండ పాత నీళ్లను కొత్త నీళ్లలో పోయడం బాపమ్మ పని. దాన్ని ఆమె తోడు వేయడం అనేది, పాలకు పెరుగు తోడు వేసినట్టే.

శ్రీరామనవమి నాడు ఆ గుండంలోనే స్వామికి తెప్పోత్సవం. అరటి బోదెలతో తెప్ప కట్టి, సీతారాముల పటాన్ని పూలతో అలంకరించి, భజన చేస్తూ తాడుతో గుండం చుట్టూ తిప్పేవాళ్లం. పానకంలో మిరియాల ఘాటు, తడిసిన పెసరపప్పు, మామిడికాయ ముక్కల పులుపు, మద్దెల మీద కిష్టయ్య మామ చెయ్యి. మా బాపు భజన మండలికి పెద్ద. ఒక ఏడు మామిడిపల్లి భజన వాళ్లను కూడా పిలిచాడు. వాళ్ల ముందు గుండం అద్దంలా ఉండాలని ఆయన పట్టుదల.

బాపమ్మ అప్పుడు జల్‌పల్లిలో మా మేనత్త ఇంటికి పోయి ఉంది. బాపు చేపలను గంగాళంలోకి మార్చి, గుండాన్ని చివరి చుక్క వరకు తోడించి, రాళ్లకు తెల్లగా సున్నం కొట్టించి, కొత్త బోరు నీళ్లు నింపించాడు. అడుగున నా గాజు ముక్క పడినా కనిపించేంత తేటగా ఉంది. నవమికి ముందు రోజు మధ్యాహ్నం బాపమ్మ వచ్చింది. కాళ్లు కూడా కడుక్కోకుండా పెరట్లోకి వచ్చి, గంగాళంలోంచి రెండు పరకలను దోసిట్లో తీసి గుండంలో వదిలింది. అవి గిర్రున తిరిగి, పక్కకు ఒరిగి, తెల్లటి పొట్టలు చూపించాయి.

"అన్ని తోడిపోసినవ్ గని, జర తోడైనా ఉంచినవా కొడుకా?"

"పాచి నీళ్లల్ల సామిని ఎట్ల తిప్పుతమే అమ్మా? మామిడిపల్లోళ్లు నవ్వరా?"

"సామి చేపయ్యి పుట్టినప్పుడు నీ సున్నం గుండం ఏడుందిర? ఇవి పచ్చినీళ్లు. పానమున్నది బతకదు."

గంగాళంలో మిగిలిన కాసిని పాత నీళ్లలో చేపలు కిక్కిరిసి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఎండకు నీళ్లు వేడెక్కుతున్నాయి. ఇంకొక రోజు ఆగితే ఒక్కటీ మిగలదని మాకు కూడా అర్థమైంది. చెల్లెలు ఏడుపు మొదలుపెట్టింది. బాపు కాసేపు గుండం వైపు, కాసేపు ఒరిగిన చేపల వైపు చూశాడు. తర్వాత పంచె ఎగ్గట్టి బక్కెట పట్టుకున్నాడు.

భజన మండలి అంతా వచ్చింది. మద్దెల పక్కన పెట్టి కిష్టయ్య మామ గుండంలోకి దిగి, "గిదేంది బావా, సామి తెప్ప అంటివి, మమ్ముల ముంచితివి" అంటే అందరూ నవ్వారు. నామం చెబుతూ చేతి నుంచి చేతికి బక్కెట్లు అందించి సున్నం నీళ్లు తోడిపోశారు. ఆడవాళ్లు చింతపండు పిప్పితో, కొబ్బరి పీచుతో రాళ్ల మీది సున్నం తోమి కడిగారు. ఊరి బావి నుంచి నీళ్లు తెచ్చి నింపారు. పొద్దుగూకే వేళకు బాపమ్మ గంగాళాన్ని మెల్లగా వంచి, చేపలతో సహా ఆ పాత నీళ్లను కొత్త నీళ్లలో కలిపింది. పరకలు కాసేపు ఉన్నచోటే ఆగి, ఒక్కసారిగా రాళ్ల నీడలోకి దూరాయి. చనిపోయిన రెండింటినీ బాపమ్మ తులసిదళం పెట్టి మల్లెపాదులో పూడ్చింది.

మర్నాడు తెప్ప తిరుగుతుంటే మామిడిపల్లి పెద్దమనిషి ఒకాయన గుండంలోకి వంగి చూసి, "ఏందే అన్నా, సామిని గిట్ల మబ్బు నీళ్లల్ల తిప్పుతున్నరు?" అన్నాడు. బాపు హార్మోనియం ఆపలేదు.

"తోడేసిన నీళ్లన్నా. సామి ఒక్కడే ఉండలేడు."

మందిరాలలో, సత్సంగాలలో పెద్దలు చెప్పిన ఎన్నో వ్యాఖ్యానాలు ఆ తర్వాత విన్నాను. చేపగా వచ్చిన స్వామి కథ ఎవరు చెప్పినా నాకు కనిపించేది మాత్రం మా బాపు తడిసిన పంచె.

విమానాశ్రయానికి భూములు పోయినప్పుడు ఇల్లు, కానుగ చెట్టు, గుండం అన్నీ కంచె అవతలికి పోయాయి. సామాను లారీ ముందు సీట్లో బాపమ్మ ఇత్తడి బిందె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అందులో గుండం నీళ్లు, ఒక తామర దుంప. "గా నీళ్లెందుకమ్మా, కొత్తింట్ల నల్లా ఉన్నదంట గద" అన్నాడు డ్రైవరు.

"నల్లా ఉన్నది బిడ్డా. తోడు లేదు."

ఆ భజన మండలి ఇప్పుడు లేదు. ఉన్నవాళ్లు తలోచోట ఇళ్లు కట్టుకున్నారు, ఫోన్లలో నవమి శుభాకాంక్షలు పంపుతారు. పరకలు కావాలని అడిగితే దుకాణంలో కుర్రవాడు అదేం చేపని అడిగాడు. ఎర్ర చేపలు కొనుక్కొచ్చాను. కానీ ప్రతి ఉగాదికీ తొట్టి ఖాళీ చేసేముందు అదే బిందెలో పాత నీళ్లు పట్టి ఉంచుతాను. వాటిలో ఆ గుండం నీళ్లు ఎంత మిగిలాయో నాకు తెలియదు. ఈరోజు మా ఇంట్లో తిన్న పెరుగులో బాపమ్మ చేతి పెరుగు ఎంతుందో మాత్రం ఎవరు చెప్పగలరు?

గోవిందా అనుకుని, కొత్త నీళ్లు నింపిన తొట్టిలోకి చేపలతో సహా బిందె వంచాను. పైన విమానం పోయింది. ఎర్ర చేపలు కాసేపు కదలకుండా నిలబడి, దారి తెలిసినట్టు తామరాకు కిందికి పోయాయి.