రాజు చనిపోయే సీను

సినిమా విడుదలైన రోజు సాయంత్రానికే రివ్యూలన్నీ ఒకే మాట అన్నాయి. కోట సెట్లు బాగున్నాయట, నగలు బాగున్నాయట, చివర్లో రాజు చనిపోయే సీను మాత్రం సాగదీశారట. నాటకం వాసన వదల్లేదని ఒకాయన రెండు స్టార్లే ఇచ్చాడు.

అది నాటకమే మరి, దాన్నే సినిమాగా తీశారు. పెనుకొండ చుట్టుపక్కల ఊళ్లలో మా నాయన ఏళ్ల తరబడి ఆ రాజు వేషం కట్టాడు. రాజు ఆఖరి పద్యం పాడి ప్రాణం విడవగానే జనం 'వన్స్ మోర్' అని అరిచేవాళ్లు. చచ్చిన నాయన లేచి కూర్చుని, కిరీటం సర్దుకుని, మళ్లీ పాడి, మళ్లీ చచ్చేవాడు. ముందు వరసలో చాప మీద కూర్చున్న నాకు ఆ లేవడం కోసమే నాటకమంతా. ఆయన వేషాలు మానేసి చాలా కాలమైంది. ఆ సీను ఒక్కసారి ఆయన పక్కన కూర్చుని చూడాలనిపించింది. రివ్యూలు చదివాక, శుక్రవారానికి సినిమా ఎత్తేస్తారేమోనని దిగులు పట్టుకుంది.

"నెలల బిడ్డను సినిమాకు ఎత్తుకపోతావా? ఆ సౌండుకు జడుసుకుంటాది," అంది అత్త.

నాకూ ఆ భయమే. అయినా పాపకు చెవులు మూసేలా కుల్లాయి కట్టి ధర్మవరంలో బస్సెక్కాను. పెనుకొండలో నాయన ఎక్కాడు, ఇస్త్రీ చొక్కాతో.

హిందూపురం థియేటర్లో సగం సీట్లు కూడా నిండలేదు. యుద్ధమంతా నిద్రపోయిన పాప, సరిగ్గా రాజు నేలకొరిగే వేళకు గుక్కపట్టి ఏడ్చింది. ఎత్తుకుని బయటికి వచ్చేశాను. తలుపు అవతల పద్యం వినబడుతోంది. కాసేపటికి ఆగిపోయింది. ఆ వెంటనే నాయన కేక: "వన్స్ మోర్."

లోపల నవ్వులు. "ఏమప్పా పెద్దాయనా, ఇంగోసారి చంపమంటావా?" అన్నారెవరో.

"చంపితే ఏం పోతాది? మీ మామనా ఏమన్నా?" అన్నాడు నాయన.

బయటికొచ్చి పాపను అందుకున్నాడు.

"సాగదీసినారంట కదా నాయనా."

"యాడ సాగదీసినారు? నాకు చాల్లేదు. పాపను నేను పట్టుకుంటాలే, నువ్వు వచ్చే ఆట చూసి రా పో."

వచ్చే ఆటకు జనం లేరని, వేరే సినిమా వేస్తున్నామని టికెట్ల కిటికీలో చెప్పారు.

తిరుగు బస్సులో ఆ పద్యం పాడమని అడిగాను. "పాప లేస్తాది," అన్నాడు. కాసేపటికి, గొంతు లేకుండా పెదవులతోనే మొదలుపెట్టాడు. చెయ్యి గుండె మీద పెట్టుకుని, రాగం తీయాల్సిన చోట గడ్డం పైకెత్తి అలాగే ఉంచాడు. ముందు సీటామె రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. నేను కళ్లార్పలేదు.

పెనుకొండ వచ్చేసింది. రాజు ఇంకా చనిపోలేదు. నాయన తువ్వాలు భుజాన వేసుకుని దిగిపోయాడు. ధర్మవరం దాకా రమ్మని అడుగుదామనుకునేలోపే బస్సు కదిలింది.