ఓడకు కావలి

ఆ రోజుల్లో మా పావగడలో ఇంగ్లీషు టైపు కొట్టగలిగిన ఆడపిల్ల కాలు నేల మీద నిలిచేది కాదు. నాది అసలే నిలవలేదు. బీకాం ఫస్టు క్లాసు, పైగా టైపు హయ్యరు. మా అమ్మకు వరసకు అన్నయ్య కాబట్టి, వేరుశనక్కాయల మిల్లు నడిపే మామ నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నాడు. (జీతం కంటే హెచ్చరికలే ఎక్కువ ఇచ్చేవాడు.)

వానలు సరిగా పడని ఏళ్ళవి. దొరికిన కాయల్నే ఒలిపించి, గింజలు ఏరించి, మామ మొదటిసారి గల్ఫుకు ఒక లోడు పంపడానికి పూనుకున్నాడు. "ఈ లోడు ఓడెక్కల్యా, నువ్వూ నీ మిషనూ ఇంటికే" అని నాకు ముందే చెప్పి ఉంచాడు. సరిగ్గా అప్పుడే మద్రాసులోని షిప్పింగు ఏజెంటు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ సముద్రంలో యుద్ధ భయం ఉన్నందువల్ల ఓడవాళ్ళు కంటైనరుకు ఇంతని అదనంగా సెక్యూరిటీ సర్‌ఛార్జి వేస్తున్నారట. నేను మహా పండితురాలిలా గొంతు సవరించుకుని, "ఓడను కాపాడేదానికి కావలి ఖర్చు మామా" అని వివరించాను.

మామ మండిపడ్డాడు. మా వైపు కాయ ఊరే రోజుల్లో అడవి పందుల భయానికి రైతులంతా కలిసి చేలకు కావలి పెట్టుకుంటారు. కావలివాడికి కూలిగా కాయలు కొలవడం ఇష్టం లేనివాళ్ళు తమ వంతుకు ఇంటి మనిషిని పంపుతారు. "మనిషిని పంపితే దుడ్డెందుకిస్తాం పాపా? మన మనిషే వస్తాడని రాయి!" అన్నాడు. నాకూ అది ఎంతో న్యాయంగా తోచింది. 'అనుభవజ్ఞుడైన కావలిదారును పంపుతున్నాము, కంబళి, వడిసెల ఆయనవే, కాబట్టి సదరు ఛార్జీ తీసివేయగలరు' అని ఇంగ్లీషులో ఒక్క తప్పు లేకుండా కొట్టాను. (ఆ తప్పు లేకపోవడమే ఇప్పుడు ఎక్కువ సిగ్గుగా ఉంది.)

వడిసెలతో రాయి విసిరితే గురి తప్పని ముసలాయన ఒకడు మా తాలూకాలోనే అరసికెరె చేలల్లో ఉండేవాడు. అందరికీ వడిసెల తాత. ఆయన నా ఉత్తరం జేబులో పెట్టుకుని లోడు లారీలోనే మద్రాసు బయలుదేరాడు. "ఓడలో రాళ్ళు దొరుకుతాయో ల్యాదో పాపా" అంటూ ఒక సంచి నిండా గులకరాళ్ళు కూడా ఏరుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఏజెంటు ట్రంకు కాల్ చేశాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. ఓడలోకి మా మనిషిని ఎక్కనివ్వరనీ, సాయంత్రంలోగా ఛార్జీకి ఒప్పుకోకపోతే సరుకు రేవులోనే ఉండిపోతుందనీ చెప్పాడు. నేను నా మిషను మీద గుడ్డ కప్పేశాను. మామ మాత్రం "అందురూ అట్లే అంటారు. మా పెద్దాయనకియ్యప్పా ఫోను" అని రిసీవరు లాక్కున్నాడు. తాత అరిచిన అరుపులు మా ఆఫీసంతా వినిపించాయి.

"సామీ, పొద్దున్నుంచీ చూస్తాండా. ఈ నీళ్ళకి గట్టు ల్యా, కంచె ల్యా. ఆ పక్క యాడుండాదో కనపడల్యా. ఏ దిక్కు నుంచి వచ్చి పడతారో ఎట్ల తెలుస్తాది? నా ఒక్కని చేత అయ్యే పని కాదిది. వాళ్ళడిగింది న్యాయమే, ఇచ్చేయప్పా సామీ!"

మామ ఫోను మళ్ళీ ఏజెంటుకు ఇప్పించాడు. "సరేప్పా, ఏసుకోండి" అని ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు. "పెద్దాయన చెప్పినాడని ఇస్తాండా, నీ ఇంగ్లీషు చూసి కాదు." లోడు ఓడెక్కింది, నా ఉద్యోగమూ నిలిచింది.

చాలా ఏళ్ళకు నేనూ మద్రాసు వెళ్ళి మొదటిసారి సముద్రం చూశాను. ఒక కంబళి, ఒక వడిసెల ఉన్న తాతను దీనికి కాపలా పంపిన ఆ ఫస్టు క్లాసు పిల్ల ఎంత ముద్దొచ్చిందో! ఒడ్డున ఒక్కదాన్నే పకపకా నవ్వాను. పక్కనున్నవాళ్ళు కాస్త దూరం జరిగారు. తాతతో కలిసి నవ్వుదామంటే అప్పటికే ఆయన లేడు.